మెత్తటి టైర్లు

అద్దాల మేస్త్రికి ఎడమ కన్ను లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట గాజు కోస్తుంటే పెంకు ఎగిరి ఆ కన్ను పోయింది. మిగిలిన కుడికన్నుతో ఆయన పడే అనుమానం మాత్రం నలుగురికి పంచినా ఇంకా మిగులుతుంది. మందుల షాపులో మాత్రల అట్ట వెనక తేదీ చదివి ఊరుకోడు, ఆ తేదీ మీద మళ్ళీ అచ్చేశారేమోనని గోటితో గీకి చూస్తాడు. పెట్రోలు బంకులో బండి దిగి, మీటరుకి ముక్కు ఆనించి నిలబడతాడు. "మీ నీడ వెనకాల వస్తే దాన్నీ ఆపి, ఎందుకొస్తున్నావని అడిగేలా ఉన్నారు" అని భార్య విసుక్కుంటుంది. ఆ మాట ఆవిడ చేత ఎవరు అనిపించారా అని ఆయన ఆలోచనలో పడతాడు. మనిషి చెడ్డవాడు కాడు. బుర్రలో ఆ పురుగు ఒకటి తొలుస్తూ ఉంటుంది, అంతే.

అంతటివాడూ ఈ లోకంలో ఒక్కణ్ణి నమ్మాడు, ఉన్న ఒక్క కన్నూ మూసుకుని మరీ. ఆ ఒక్కడు ఆయన అక్క మొగుడు. కన్ను పోయాక మేస్త్రి స్టీరింగు ముట్టుకోలేదు. లైసెన్సు ఇచ్చేవాళ్ళు ముట్టుకోనివ్వలేదు కూడా. అప్పట్నుంచి కొయ్యడం మేస్త్రి వంతు, మొయ్యడం బావ వంతు. కిటికీ అద్దాలు, షాపుల ముందు నిలువెత్తు అద్దాలు, స్నానాల గదుల తలుపులు, అన్నీ పికప్ బండి వెనక స్టాండులో నిలబెట్టి, మధ్యలో దుప్పట్లు దోపి, బావే చేరవేస్తాడు. కొట్టు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. బండి కాగితాలు మేస్త్రి పేరున, తాళంచెవి బావ జేబులో. బావ ఒక్క పూట రాకపోతే కోసిన అద్దాలు గోడకి ఆనుకుని అలాగే ఉండిపోతాయి. మొత్తానికే రాకపోతే కొట్టు మూసుకోవడమే, ఇంకో దారి లేదు.

అలాంటి బావ మీద అనుమానం మొదలైంది టైర్ల షాపులో.

పాత టైర్లు అరిగి బోడిగుండ్లయ్యాయి. ఇనప రిమ్ముల్లో ఒకదానికి అప్పటికే రెండుసార్లు వెల్డింగు పడింది. ఇక లాభం లేదు, రిమ్ములూ టైర్లూ కలిపి మార్చేద్దామనుకుని ఇద్దరూ ఒక సోమవారం పొద్దున బయల్దేరారు. షాపు నడిపేది ఒక ఆడమనిషి. యాభై దాటి ఉంటాయి, ముంజేతుల దాకా రబ్బరు మసి, చెవి వెనక పెన్సిలు. ఊరంతా ఆవిణ్ణి టైర్లావిడ అనే పిలుస్తారు. లోపల కంప్రెసరు రొద, నేల మీద పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టి, గోడ నిండా వేలాడదీసిన అల్లాయ్ రిమ్ములు. మేస్త్రి ఒక్కో రిమ్మునీ వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. అద్దమైతే మోతని బట్టి పగులుందో లేదో చెప్పగలడు. అల్లాయ్ ఆయనకేం చెప్పిందో ఆయనకే తెలియాలి.

"బండి ఏం మోస్తుంది?" అని అడిగింది టైర్లావిడ.

"అద్దాలు" అన్నాడు మేస్త్రి.

"అదీ ఇదీ" అన్నాడు బావ, సరిగ్గా అప్పుడే.

మేస్త్రి మెడ తిప్పి బావ వంక చూశాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ బండి అద్దాలు తప్ప మరొకటి మోసిన పాపాన పోలేదు. అదీ ఇదీ ఏమిటి?

బావ గొంతు సవరించుకున్నాడు. "అది కాదమ్మా, మీ దగ్గర అన్నిటికన్నా మెత్తగా నడిచే టైరు ఏది? గుంతలో పడ్డా లోపల కూర్చున్న మనిషికి తెలియకూడదు."

"అయితే రిమ్ము ఒక సైజు తగ్గించండి" అంది ఆవిడ, ఒక నల్ల అల్లాయ్ రిమ్ము కిందికి దించుతూ. "రిమ్ము చిన్నదైతే టైరు గోడ ఎత్తు పెరుగుతుంది. కుదుపు ఆ గోడే మింగేస్తుంది. బ్రేకులకి తగలకుండా సరిపోతుంది, నేను కొలిచి చూస్తాను. టైరేమో ఇదిగో, కార్ల రకం. గోడ పల్చన, బాగా సాగుతుంది." బొటనవేలితో నొక్కి చూపించింది. రబ్బరు లోపలికి పోయి మళ్ళీ వచ్చింది.

"మరి బరువు?" అన్నాడు మేస్త్రి.

"బరువంటే ఇది కాదు, అది." మూలనున్న దొంతర చూపించింది. "పది ప్లై, అంటే పది పొరల బలం. గోడ గట్టిది. ఎంతేసినా ఊగదు. అద్దాలకయితే అదే నేను చెప్పేది. కాకపోతే ఖాళీ బండికి ఒళ్ళు హూనమే."

"మాకు మెత్తదే కావాలమ్మా" అన్నాడు బావ, మేస్త్రి నోరు తెరిచేలోపే. "ఆర్డరు రాసుకోండి."

బయటికొచ్చాక మేస్త్రి ఉండబట్టలేక అడిగాడు. "బావా, మెత్తటి టైరు మీద అద్దం ఎలా నిలబడుతుంది?"

"రోడ్డు బాగాలేదుగా" అన్నాడు బావ, బండి తలుపు తీస్తూ.

ఇదీ ఒక జవాబేనా? అద్దాల పని తెలిసినవాడు అనే మాటేనా ఇది? స్టాండులో నిలబెట్టిన అద్దం గుంతలో ఎగిరినా తట్టుకుంటుంది, మూల మలుపులో బండి ఒరిగి ఊగిందంటే మెలి పడి పటుక్కుమంటుంది. ఆ సంగతి మేస్త్రికి నేర్పిందే బావ. అద్దాలు మోసే మనిషి ఎవడూ మెత్తటి టైరు అడగడు. అడిగాడంటే అర్థం ఒకటే, ఆ బండి ఇక అద్దాలు మొయ్యదు. బావ విడిపోతున్నాడు. ఇంటికొచ్చేసరికి మేస్త్రి బుర్రలో ఈ లెక్క తేలిపోయింది, కాళ్ళు కడుక్కునేసరికి గట్టిపడింది.

ఒకసారి పురుగు దూరాక ఊరుకుంటుందా? మర్నాడు మంగళవారం. మధ్యాహ్నం ఏదో పనుందని బావ బండి తీసుకెళ్ళాడు. ఈ మధ్య ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం ఈ ఏదో పని ఉంటూనే ఉంది. వెళ్ళే ముందు అద్దాల స్టాండు నాలుగు బోల్టులూ విప్పి, ఈడ్చి, కొట్టు వెనక పెట్టి మరీ వెళ్తున్నాడు. బండి తిరిగొచ్చాక మేస్త్రి మీటరు చూశాడు. ఎనభై ఆరు కిలోమీటర్లు. ఊళ్ళో ఏ మూలకెళ్ళినా పది దాటదు.

తర్వాత పక్క సీట్లో కూర్చోబోయి దాదాపు వెల్లకిలా పడ్డాడు. సీటు వెనక్కి జరిగినంతా జరిగి ఉంది, వాలినంతా వాలి ఉంది. కాళ్ళు చాపినా డాష్‌బోర్డుకి అందలేదు. ఆ పక్కన ఎవడో ఆరడుగుల పైచిలుకు మనిషి కూర్చున్నాడన్నమాట. కూర్చుని, బండి ఎలా నడుస్తుందో చూసుకున్నాడన్నమాట. కొనేవాడు పొడుగ్గా ఉన్నాడు, కుదుపు పడదు, అందుకే మెత్తటి టైర్లు. మేస్త్రికి ఆ పొడుగువాడి మీసాలు కూడా కనిపించాయి. కాగితాలు తన పేరున ఉండగా బండి ఎలా అమ్ముతాడు అన్న ప్రశ్న రాలేదా అంటే వచ్చింది. సంతకం తననే మాయచేసి పెట్టించుకుంటాడని దానికి సమాధానమూ తనే చెప్పుకున్నాడు.

అక్కకి ఫోన్ చేశాడు. రోజూ మధ్యాహ్నం కొట్టుకొచ్చి ఇద్దరికీ భోజనం పెట్టి, చెత్త గాజు ఎక్కడ పారేస్తున్నారని ఇద్దర్నీ తిట్టి వెళ్ళే మనిషి, నెలన్నరగా ఇటు మొహం చూపించలేదు. మోకాళ్ళ నొప్పి అంటోంది.

"అక్కా, బావ ఏమైనా చెప్పాడా?"

 "ఏం చెప్పాలి రా?"

"ఏం లేదులే. ఒకసారి ఇంటికొస్తా."

"ఇప్పుడొద్దు రా తమ్ముడూ. ఇల్లంతా సున్నాలు వేయిస్తున్నాం. నేనే వస్తాగా."

అక్కకి అబద్ధం ఆడటం చేతకాదు. చిన్నప్పుడు కూడా అబద్ధం ఆడితే మాట చివర్లో గొంతు సన్నబడిపోయేది. ఇప్పుడూ సన్నబడింది. అంటే అక్కకీ తెలుసు. తోడబుట్టింది కూడా అటే చేరింది. మేస్త్రికి కోపం కన్నా ముందు ఏడుపొచ్చింది. కోస్తున్న అద్దం మీద గీత పక్కకి పోయి మొత్తం అద్దం పాడైంది.

గురువారం సాయంత్రానికి పూర్తిగా దొరికిపోయాడు బావ. కొట్టు వెనక నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. మేస్త్రి గాజు ముక్కలు పారేసే వంకన గోడ ఇవతల నిలబడ్డాడు. "వాడికి ఇప్పుడే తెలియకూడదు... అంతా అయిపోయాక నేనే చెప్తాను... నువ్వు కంగారుపడకు." మేస్త్రి చేతిలో గాజు ముక్కలు గలగలమన్నాయి. బావ వెనక్కి తిరిగేసరికి ఆయన అక్కడ లేడు.

అక్కణ్నుంచి తిన్నగా టైర్ల షాపుకి నడిచాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. బండి అమ్ముకుంటాడా? అమ్ముకోమనండి చూద్దాం. ఆ పొడుగువాడు ఒక్కసారి ఎక్కి, నడుం పట్టుకుని దిగి, బండీ వద్దు నువ్వూ వద్దు అని పారిపోకపోతే అడగండి.

"అమ్మా, మా టైర్లు మారుద్దాం. ఆ మెత్తవి వద్దు. పది ప్లై వెయ్యండి. రిమ్ములు అవే ఉంచండి."

టైర్లావిడ పెన్సిలు తీసి పుస్తకం తిరగేసింది. "మీ బావగారు మెత్తవే కావాలని రెండుసార్లు చెప్పారే. ఆయనతో ఒకసారి మాట్లాడించండి."

"బండి నడుపుతుంటాడు, ఫోనెత్తడు. కాగితాలు నా పేరున ఉన్నాయి. నేను చెప్తున్నాగా."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎదటివాళ్ళు తనని అనుమానంగా చూడటం మేస్త్రికి కొత్త. అస్సలు నచ్చలేదు.

"సరే" అంది చివరికి. "అద్దాలకి మంచివే అవి. కానీ మీ బావగారికి చెప్పండి. చెప్తారుగా?"

"చెప్తాను" అన్నాడు మేస్త్రి. తన నోటి నుంచి అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది.

శుక్రవారం పొద్దున బావ బండి షాపులో దింపి, ఎవరింట్లోనో కిటికీల కొలతలు తీసుకోవడానికి వెళ్ళాడు. దగ్గరుండి చూసుకుంటానని మేస్త్రే ముందుకొచ్చాడు. చూసుకోవడమంటే మామూలుగానా! టైర్లావిడ బండిని జాకీ మీదకెత్తిన దగ్గర్నుంచి ఆమె మోచేతి పక్కనే మోచెయ్యి. టైరు గోడ మీద చిన్న అక్షరాలు కుడికన్నుకి ఆనించి చదివాడు.

"ఆ చివరి నాలుగంకెలూ తయారైన తేదీ" అంది ఆవిడ. "మొదటి రెండూ ఎన్నో వారమో, తర్వాతి రెండూ ఏ సంవత్సరమో."

మేస్త్రి నాలుగు టైర్లూ చదివి లేచాడు. "మూడింటికి ఒకే వారం ఉంది. ఇదొక్కటి మూడు వారాలు ఆలస్యం. ఎందుకని?"

"కాన్పు కష్టమైందేమో" అంది టైర్లావిడ.

మేస్త్రి నవ్వలేదు. ఆవిడ రెంచ్ పట్టుకుని నట్లు బిగించింది, ఒకటి బిగించి పక్కది వదిలి ఎదురుదానికి వెళ్తూ. రెంచ్ టక్కుమన్నప్పుడల్లా మేస్త్రి వేలు మడిచాడు. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి రండి, కొత్త రిమ్ములు కదా, నట్లు మళ్ళీ చూస్తాను అందావిడ. ఎందుకు, ఇప్పుడు సరిగా బిగించలేదా అన్నాడీయన. ఆవిడ దేవుడా అన్నట్టు కప్పు వంక చూసింది.

గాలి దగ్గర మాత్రం ఇద్దరికీ నిజంగానే పేచీ వచ్చింది.

"ఎంత పెట్టమంటారు?" అని అడిగింది.

"నిండా. పూర్తి లోడుకి ఎంతో అంత."

"అరవై ఐదు. కానీ బండి ఖాళీగా ఉందండీ. ఖాళీ బండికి పది ప్లై వేసి అరవై ఐదు పెడితే, రోడ్డు మీద అగ్గిపుల్ల పడున్నా నడుముకి తెలుస్తుంది."

"తెలియనివ్వండి" అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి కడుపులో చల్లగా ఉంది, పొడుగువాడి నడుము తలుచుకుని.

మధ్యాహ్నం బావ వచ్చాడు. నల్ల రిమ్ముల చుట్టూ ఒకసారి తిరిగి, టైరుని చెప్పుకాలితో ఒకసారి తన్ని, బాగున్నాయి రా అన్నాడు. మెత్తవైనా గట్టివైనా పైకి చూడ్డానికి అవి అక్కాచెల్లెళ్ళే, తేడా అంతా ఆ చిన్న అక్షరాల్లో ఉంది. బావ అవి చదవలేదు. దగ్గరుండి చూసింది బామ్మర్ది కాబట్టి చదవాలని ఆయనకి తోచలేదు. నాలుగడుగుల దూరమే, ఇద్దరూ కొట్టుకొచ్చారు. బావ స్టాండు విప్పి దించాడు. చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళాడు.

ఇక్కడ మేస్త్రి చేసిన పని చెప్పాలంటే నాకే సిగ్గేస్తోంది. నలభై ఏడేళ్ళ మనిషి, పెళ్ళీడుకొచ్చిన కూతురున్న తండ్రి, బండి వెనక ఎక్కి, ఇనప నేల మీద పడుకుని, అద్దాల మీద కప్పే టార్పాలిన్‌ని తన మీదకి లాక్కున్నాడు. పొడుగువాణ్ణి కళ్ళారా చూడాలి. ఇద్దర్నీ చేతులు కలుపుతుండగా పట్టుకోవాలి. బావ వచ్చాడు, బండి కదిలింది.

మొదటి మలుపులోనే తెలిసొచ్చింది. టైర్లావిడ అబద్ధం చెప్పలేదు. చిన్న రాయి తగిలితే వెన్ను అదిరింది, గుంత వస్తే ఒళ్ళు గాల్లోకి లేచి నేలకి పడింది. మేస్త్రి పళ్ళు బిగపట్టాడు. పడనీ, ఆ పొడుగువాడికీ ఇదే పడుతుంది, అనుకుని ఓర్చుకున్నాడు.

కాసేపటికి బండి ఆగింది. తలుపు తీసిన చప్పుడు. టార్పాలిన్ అంచు రవ్వంత ఎత్తి కుడికన్ను బయట పెట్టాడు. అక్క ఇంటి గుమ్మం. గోడలకి సున్నం వాసన కూడా లేదు. బావ ఎవర్నో రెండు చేతులా పట్టుకుని, అడుగులో అడుగు వేయిస్తూ తెస్తున్నాడు. చీర చూసి మేస్త్రి గుర్తుపట్టాడు గానీ మనిషిని చూసి కాదు. అక్క సగమైపోయింది. నడుం చుట్టూ దళసరి పట్టీ. బావ ఆవిణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టి, కాదు, పడుకోబెట్టి, తల కింద దిండు సర్దాడు.

వాలినంతా వాలిన సీటు. 

బండి మళ్ళీ కదిలింది. డ్రైవరు వెనక చిన్న కిటికీ తెరిచే ఉంది, మాటలు వినిపిస్తున్నాయి. ఊరు దాటాక తారు పోయి కంకర వచ్చింది.

"అమ్మా!" అంది అక్క.

"నెమ్మదిగానే పోతున్నానే."

"ఇవాళేంటండీ ఇలా ఉంది? పాతవాటితో ఇంత నొప్పి లేదు. కొత్తవి మెత్తగా ఉంటాయన్నారుగా... అబ్బా!"

"అదే అంతుపట్టట్లేదు. మెత్తవే అడిగాను. ఆ టైర్లావిడ మోసం చేసినట్టుంది."

టార్పాలిన్ కింద మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

"మీ తమ్ముడు ఉండి కూడా కనిపెట్టలేకపోయాడంటే చూడు" అన్నాడు బావ. "వాడికి చెప్పేస్తే పోదూ? ఇంకా ఎన్నాళ్ళు దాస్తాం? వాడూ వస్తే వెనక కిటికీలోంచి నిన్ను కదలకుండా పట్టుకునేవాడు."

"వద్దండీ." అక్క ఊపిరి కూడదీసుకుంది. "వాడొస్తాడు. వచ్చి డాక్టరు మొహం చూస్తాడు. చూసి, ఈయన మీద నాకు నమ్మకం లేదక్కా అంటాడు. వెన్నులో గడ్డ ఉందని ఎవరన్నారు, ఆ స్కానింగు ఫొటో నీదేనా అంటాడు. నేనూ వాడి అక్కనే కదండీ. ఆ ఒక్క మాటతో నాలోనూ మొదలవుతుంది. ఇంకో ఎనిమిదిసార్లు ఆ కరెంటు పెట్టే మిషను కింద పడుకోవాలి. అనుమానం పెట్టుకుని నేను పడుకోలేను."

 కుడిపక్క చక్రం ఏదో గుంతలో పడింది. మేస్త్రి వెన్ను నేలకి కొట్టుకుంది, సరిగ్గా అప్పుడే ముందు నించి అక్క అరిచింది. ఈసారి అమ్మా అని కూడా అనలేదు, ఉత్త అరుపు. ఆ దెబ్బ ఎంతదో మేస్త్రికి చెప్పక్కర్లేదు, అదే దెబ్బ ఆయనకీ తగిలింది. ఆయనది మంచి వెన్ను. ఇది నేను కొన్నానే, దగ్గరుండి గాలి పెట్టించానే, అనుకున్నాడు. లేచి రెండు చేతులతో బండి పైకప్పు మీద దబదబా బాదాడు.

బండి పక్కకి లాగి ఆగింది. బావ దిగొచ్చి చూశాడు. టార్పాలిన్ మెడకి చుట్టుకుని, జుట్టంతా దుమ్ముతో, ఒంటికన్నులో నీళ్ళతో నిలబడి ఉన్నాడు మేస్త్రి.

"నువ్వా?"

"ఎవరండీ?" అంది అక్క లోపల్నించి.

"నీ తమ్ముడు."

"ఎక్కణ్నుంచి ఊడిపడ్డాడు?"

"బండిలోంచే."

అక్కకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి వచ్చింది. "నవ్వించకండి బాబూ" అని సీటు అంచు పట్టుకుంది. మేస్త్రి మెడకి చుట్టుకున్న టార్పాలిన్ విప్పుకుని బండి దిగాడు.

"బావా, ఆవిడ మోసం చెయ్యలేదు. నేనే మార్పించాను. పది ప్లై వేయించాను. గాలి నిండా పెట్టించాను. నువ్వు బండి అమ్మేస్తున్నావనుకున్నాను. నన్నొదిలేసి పోతున్నావనుకున్నాను."

తిడతాడనుకున్నాడు. చెంప మీద కొట్టినా బాగుండు అనుకున్నాడు. బావ వంగి టైరు గోడ మీద అక్షరాలు మొదట్నుంచి చివరిదాకా చదివాడు. లేచి, చేతులు దులుపుకుని, మామూలు గొంతుతోనే అడిగాడు.

"ఇంకేం మార్చావు?"

"ఇంకేం మార్చలేదు బావా. ఒట్టు."

బావ తల ఊపాడు. నమ్మినట్టు కాదు, విన్నట్టు.

మేస్త్రి టైర్లావిడకి ఫోన్ చేశాడు. అంతా చెప్పేంత ఓపిక లేదు, చెప్పే మొహమూ లేదు. "అమ్మా, వెనక లోడు లేదు. ముందు సీట్లో వెన్ను బాగాలేని మనిషి ఉంది. గాలి ఎంతకి తగ్గించను?"

 "ముప్పై నాలుగుకి తెండి, అంతకన్నా తగ్గించొద్దు. ముప్పై నాలుగైతే నిదానంగా పోవచ్చు. సోమవారం రండి, మార్చేస్తాను."

ఎందుకు ముప్పై నాలుగు, ముప్పై ఎందుకు కాదు, అని మేస్త్రి అడగలేదు. బావ దగ్గర గేజి తీసుకుని మొదటి చక్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కంకర మోకాళ్ళకి గుచ్చుకుంది. పిన్ను నొక్కితే గాలి బుస్సుమని దుమ్ము లేపింది. ఒంటికన్నుతో గేజి అంకెలు సరిగా ఆనవు, అందుకని ప్రతిసారీ మొహం దానికి ఆనించి చూశాడు, ఇంకాస్త వదిలి మళ్ళీ చూశాడు. ఒక చక్రం, రెండు, మూడు. నాలుగోది అయ్యేసరికి చొక్కా తడిసిపోయింది.

లేచి అక్క పక్కన కిటికీ దగ్గరికెళ్ళాడు. అక్క చెయ్యి బయట పెట్టింది. పట్టుకుంటే వేళ్ళు పుల్లల్లా ఉన్నాయి.

"నేనూ వస్తానక్కా."

"వస్తే లోపల నోరు తెరవకూడదు."

"తెరవను."

"డాక్టరు వంక అలా చూడకూడదు కూడా. నీ చూపు నాకు తెలుసు."

"నేల చూస్తూ కూర్చుంటాను."

అక్క సరే అన్నట్టు వేళ్ళు నొక్కి వదిలేసింది. "అయిందా బామ్మర్దీ?" అన్నాడు బావ, బండి అవతల నించి.

"అయింది బావా. నాలుగూ ముప్పై నాలుగే. రెండేసిసార్లు చూశాను."

"ఊఁ" అన్నాడు బావ. గేజి ఇలా ఇమ్మని చెయ్యి చాపాడు. తీసుకుని, మొదటి చక్రం దగ్గర వంగి, గేజి పెట్టి చూశాడు. లేచి రెండోదాని దగ్గరికెళ్ళాడు. ఆసుపత్రికి టైమైపోతున్నా, నాలుగు చక్రాలూ మళ్ళీ తనే చూసుకున్నాకే బండి ఎక్కాడు.